పాత టోకెన్ ఇచ్చి కొత్తది తీసుకోవడం: నల్లగొండలో మేం కడుతున్న స్వాప్ డైరీ

ఆదివారం: ఏం కట్టాలో తేలింది

మా అక్క కొడుకు, వాళ్ల క్లాసులో ఒకమ్మాయి కలిసి బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టు చేస్తున్నారు. బ్లాక్‌చెయిన్ (లావాదేవీలను బ్లాకులుగా వరుసగా రాసి చాలా కంప్యూటర్లు కలిసి ఉంచే లెక్కల పుస్తకం) మీద ఏదైనా చెప్పు మామా అని మావాడు అడిగాడు. ఓటింగ్ యాప్‌లు, సర్టిఫికెట్ యాప్‌లు ఇప్పటికే బోలెడున్నాయి, కాయిన్ స్వాప్ కడదామన్నాను. ఒక నెట్‌వర్క్‌లో ఉన్న పాత టోకెన్ తీసుకుని, ఇంకో నెట్‌వర్క్‌లో దానికి సరిపడా కొత్త టోకెన్ ఇవ్వాలి. ఆ తర్వాత రెండు నెట్‌వర్క్‌లూ జంటగా నడవాలి. ఇటు నుంచి అటు పోయినవాళ్లు కావాలంటే మళ్లీ ఇటు రాగలగాలి.

ఈ అవసరం నిజంగానే చాలాసార్లు వచ్చింది. 2017, 2018లో చాలా ప్రాజెక్టులు సొంత నెట్‌వర్క్ లేకుండానే ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్ నెట్‌వర్క్ మీద దాని ఈఆర్‌సీ-20 ప్రమాణంలో టోకెన్లు అమ్మాయి. నెట్‌వర్క్ సిద్ధమయ్యాక పాతవి ఇచ్చి కొత్తవి తీసుకోమన్నాయి. ఈఓఎస్, ట్రాన్ రెండూ 2018 జూన్‌లో ఆ పని చేశాయి. క్రిప్టో ఎక్స్ఛేంజ్ బైనాన్స్ తన కాయిన్ బీఎన్‌బీని 2019 ఏప్రిల్‌లో సొంత చెయిన్‌కు మార్చింది. పాలిగాన్ నెట్‌వర్క్‌లో 2024 సెప్టెంబర్ 4న మ్యాటిక్ టోకెన్ పోయి పీఓఎల్ వచ్చింది, ఒకటికి ఒకటి.

మిర్యాలగూడలో ఉండే మా చిన్నాయన దగ్గర కూడా ఆ రోజుల్లో కొన్న టోకెన్ ఒకటుంది. ఏ ప్రాజెక్టో ఇక్కడ చెప్పను. వాళ్లు స్వాప్ పెట్టారు, గడువు పెట్టారు, మూసేశారు. ఆయనకు ఆ కబురే తెలియదు. వాలెట్‌లో అంకె మాత్రం చెక్కుచెదరలేదు. "అంకె ఉన్నది గదరా, మరి పైసలెందుకు రావు?" అని ఫోన్‌లో అడిగాడు. ఆయన మాట పిల్లలకు చెప్పి, తెల్లబోర్డు మీద మా ప్రాజెక్టు షరతు రాశాను: చివర వచ్చినవాళ్లకు కూడా మొదట వచ్చినవాళ్లకు దొరికినంతే దొరకాలి, రెండు వైపుల లెక్కా ఎవరికి వాళ్లు సరిచూసుకునే వీలుండాలి.

మంగళవారం: ఒకే లాప్‌టాప్‌లో రెండు నెట్‌వర్క్‌లు

ఫౌండ్రీ అనే కాంట్రాక్టు సాధనాల్లో ఉండే ఆన్విల్‌తో (లాప్‌టాప్‌లోనే పరీక్ష చెయిన్ నడిపే ప్రోగ్రాంతో) రెండు టెర్మినళ్లలో రెండు చెయిన్లు లేపాం. ఒకటి 8545 పోర్టులో, ఇంకొకటి 8546లో. ఆన్విల్ మామూలుగా తీసుకునే చెయిన్ ఐడీ (నెట్‌వర్క్‌ను గుర్తించే నంబరు) 31337. రెండో దానికి 31338 ఇవ్వాలి. కానీ ఇవ్వకపోతే ఏమవుతుందో పిల్లలు కళ్లారా చూడాలని ముందు రెండింటికీ ఒకే ఐడీ ఉంచాం.

రెండు చెయిన్లలోనూ అవే పరీక్ష ఖాతాలు, అవే తాళంచెవులు (ఖాతా తరఫున సంతకం పెట్టే రహస్య కీలు). మావాడు పాత చెయిన్‌లో ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు 5 ఈథర్ (ఇథీరియం కాయిన్) పంపాడు. ఆ అమ్మాయి సంతకం చేసిన ఆ లావాదేవీని ఉన్నదున్నట్టు కాపీ చేసి రెండో పోర్టుకు పంపింది. అక్కడ ఎవరూ కొత్తగా సంతకం పెట్టలేదు, అయినా 5 ఈథర్ వెళ్లిపోయింది. ఐడీ 31338కి మార్చి మళ్లీ పంపితే నెట్‌వర్క్ వెంటనే తిప్పికొట్టింది.

2016 జూలై 20న, 19,20,000వ బ్లాకు దగ్గర ఇథీరియం రెండుగా చీలినప్పుడు ఇదే జరిగింది. ఒక వైపు ఈథర్ పంపితే, ఆ సంతకాన్నే పట్టుకుని ఇథీరియం క్లాసిక్ వైపు కూడా ఖాళీ చేసే వీలుండింది. ఆ ఏడాది నవంబర్‌లో ఈఐపీ-155 అనే ఇథీరియం మార్పు అమల్లోకి వచ్చాకే సంతకంలో చెయిన్ ఐడీ కలిసింది. జంట నెట్‌వర్క్‌లు కట్టేవాళ్లు మొట్టమొదట చూసుకోవాల్సింది ఇదేనని నా గట్టి అభిప్రాయం. మా కాంట్రాక్టుల్లో (చెయిన్ మీదే నడిచే ప్రోగ్రాముల్లో, వీటినే స్మార్ట్ కాంట్రాక్టులంటారు) పెట్టే ప్రతి సంతకంలోనూ చెయిన్ ఐడీతో పాటు కాంట్రాక్టు చిరునామా కూడా ఉండేలా ఈఐపీ-712 పద్ధతి తీసుకున్నాం.

బుధవారం: జంట అంటే ఏ జంట?

పిల్లలకు ఇక్కడ ఒక అనుమానం వచ్చింది. పోల్కాడాట్, కుసామా అనే నెట్‌వర్క్‌లు కూడా జంటే కదా అని. అది వేరే రకం. రెండింటి కోడూ దాదాపు ఒకటే, కానీ కాయిన్లు వేరు, ధరలు వేరు. కొత్త మార్పులు ముందు కుసామాలో పెట్టి చూసి, తర్వాత పోల్కాడాట్‌కు తెస్తారు. ఒకదాని కాయిన్ ఇంకోదానికి బదులు కాదు.

మనకు దగ్గరి ఉదాహరణ బీఎన్‌బీ. 2019లో వచ్చిన చెయిన్‌లో స్మార్ట్ కాంట్రాక్టులు లేవు. 2020 సెప్టెంబర్‌లో అవి ఉన్న రెండో చెయిన్‌ను దాని పక్కనే మొదలుపెట్టారు. ఒకే కాయిన్ రెండు చోట్లా తిరిగేది, చిరునామాల రూపం మాత్రం వేరు. తర్వాత 2024లో మొదటి చెయిన్‌ను మూసేశారు, అందులో ఉన్నవాళ్లు రెండో దానికి మారాల్సి వచ్చింది. అంటే ఇథీరియం రోజుల్లో కొని పక్కన పెట్టుకున్న మనిషికి ఐదారేళ్లలో రెండు స్వాప్‌లు. కట్టేవాళ్లకు ఇది ఎదుగుదలగా కనిపిస్తుంది. కొన్నవాళ్లకు మాత్రం ప్రతిసారీ కబురు అందాలి, పద్ధతి అర్థం కావాలి, చేతిలో ఫీజుకు సరిపడా ఉండాలి.

శుక్రవారం: పాతవాటిని కాల్చాలా, తాళం వేయాలా

మావాడు కాల్చేద్దామన్నాడు, అంటే చెలామణి నుంచి శాశ్వతంగా తీసేయడం. మేం పరీక్షకు తీసుకున్న పాత టోకెన్‌లో బర్న్ ఫంక్షన్ లేదు. సున్నా చిరునామాకు (అన్నీ సున్నాలే ఉన్నదానికి) పంపబోతే కాంట్రాక్టు ఒప్పుకోలేదు. చాలామంది వాడే ఓపెన్‌జెప్పెలిన్ అనే రెడీమేడ్ కోడుతో కట్టిన టోకెన్లు మామూలుగా ఆ చిరునామాకు పంపనివ్వవు. చాలామంది తాళంచెవి ఎవరి దగ్గరా లేని 'డెడ్' చిరునామాకు పంపేస్తారు. అలా చేస్తే మొత్తం సరఫరా అంకె మాత్రం తగ్గదు.

ఒకవైపే పోయే స్వాప్‌కైతే కాల్చడం నయం, తిరిగి బయటికొచ్చే దారే ఉండదు. మనది జంట నెట్‌వర్క్ కాబట్టి వెనక్కి వచ్చినవాళ్లకు ఇవ్వడానికి పాత టోకెన్ ఉండాలి. అందుకని తాళం వేసే కాంట్రాక్టే ఖాయం చేశాం. అందులో యజమాని తీసుకునే ఫంక్షన్ ఒక్కటీ లేదు. మేం కూడా తీయలేం. కొత్త వైపు కాలినట్టు రుజువు చూపితేనే ఇటు వదులుతుంది.

ఇక్కడ ఆ అమ్మాయి చక్కటి పని చేసింది. ప్రతి బదిలీలో 1 శాతం కోత పెట్టే టోకెన్ ఒకటి రాసి మా కాంట్రాక్టు మీదికి వదిలింది. 1000 పంపితే చేరేది 990. పంపినవాళ్లు చెప్పిన అంకె నమ్మి కొత్తవి ఇచ్చేస్తే 10 టోకెన్లు గాలిలో పుట్టినట్టే. కాబట్టి తాళం కాంట్రాక్టు తన ఖాతాలో ముందెంత, తర్వాతెంత అని చూసుకుని, ఆ తేడానే రాసుకుంటుంది.

శనివారం: దశాంశాల గొడవ

పాత టోకెన్‌కు 8 దశాంశాలు, కొత్తదానికి 18. లోపల కాంట్రాక్టుకు దశాంశాలు తెలియవు, అన్నీ పూర్ణాంకాలే. పాత 1 టోకెన్ అంటే లోపల 10 కోట్ల యూనిట్లు. కొత్త వైపు ఇచ్చేటప్పుడు దాన్ని వెయ్యి కోట్లతో హెచ్చించాలి. అది వదిలేస్తే మనిషికి కంటికి కనిపించనంత చిన్న తునక చేరుతుంది, వాలెట్ సున్నా చూపిస్తుంది.

పోయేటప్పుడు సులువే. వెనక్కి వచ్చేటప్పుడు భాగించాలి, శేషం మిగులుతుంది. ఆ శేషం ఎవరిది? కొన్ని కాంట్రాక్టులు దాన్ని నిశ్శబ్దంగా మింగేస్తాయి. మాది మింగదు: పాత యూనిట్లలో సరిగ్గా పట్టే మొత్తాన్నే తీసుకుంటుంది, మిగతాది మనిషి ఖాతాలోనే ఉండిపోతుంది. తునక విలువ పైసా కూడా ఉండకపోవచ్చు, అయినా అడగకుండా తీసుకునే హక్కు మాకు లేదు.

నిష్పత్తి మారినప్పుడు జనం ఎక్కువ తికమక పడతారు. 2020 అక్టోబర్‌లో 100 లెండ్ టోకెన్లు ఇస్తే 1 ఆవె టోకెన్ ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టులో పోల్కాడాట్‌లో 1 పాత డాట్ 100 కొత్త డాట్‌లైంది. రెండు చోట్లా మనిషి వాటా మారలేదు, అంకె మాత్రం మారింది. మేం ఒకటికి ఒకటే ఉంచాం.

సోమవారం, రాత్రి: రిలేయర్, కరెంటు

రెండు చెయిన్లకూ ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు. మధ్యలో ఒక ప్రోగ్రాం కూర్చుని, పాత వైపు తాళం పడ్డ ప్రతి ఈవెంటునూ చదివి కొత్త వైపు చెప్పాలి. దాన్నే రిలేయర్ అంటున్నాం.

ముందు రీఆర్గ్ పరీక్ష, అంటే వచ్చిన బ్లాకు తర్వాత చెయిన్ నుంచి తొలగిపోతే ఏమవుతుందో చూడడం. ఆన్విల్‌లో పాత చెయిన్ స్థితిని స్నాప్‌షాట్ తీసి, 500 టోకెన్లకు తాళం వేశాం. రిలేయర్ ఆ బ్లాకు చూడగానే అటు 500 కొత్తవి పుట్టించింది. ఇప్పుడు పాత చెయిన్‌ను స్నాప్‌షాట్‌కు వెనక్కి తిప్పాం. తాళం పడ్డ బ్లాకు మాయమైంది. పాత 500 మనిషి చేతిలో, కొత్త 500 కూడా మనిషి చేతిలో. రెండు టెర్మినళ్లలో రెండు బ్యాలెన్స్‌లు పక్కపక్కన చూశాక మావాడు ఇంకేం అడగలేదు, కోడు తెరిచి కూర్చున్నాడు.

ఇథీరియంలో స్లాటు, అంటే ఒక బ్లాకుకు కేటాయించే సమయం, 12 సెకన్లు, 32 స్లాట్లు ఒక ఈపాక్. మామూలుగా రెండు ఈపాక్‌లకు, అంటే దాదాపు 13 నిమిషాలకు బ్లాకు ఫైనల్ అవుతుంది, ఇక వెనక్కి పోదు. 13 నిమిషాలు ఆగితే చాలా మామా అన్నాడు. చాలదు. 2023 మేలో వరుసగా రెండు రోజులు ఇథీరియంలో ఫైనలైజ్ కావడం ఆలస్యమైంది. గడియారం చూసి నమ్మే రిలేయర్ ఆ రోజు ఫైనల్ కాని బ్లాకులను ఫైనల్ అనుకునేది. మాది నిమిషాలు లెక్కపెట్టదు, ఫైనలైజ్డ్ బ్లాకు ఏదని నోడునే (చెయిన్‌ను నడిపే కంప్యూటర్‌నే) అడుగుతుంది. ఎంత ఆలస్యమైతే అంత ఆగుతుంది.

తర్వాత కరెంటు పరీక్ష. రిలేయర్ నడిచే పాత డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేదు, రామగిరిలో మా వీధిలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం, కాబట్టి మేమే ప్లగ్ పీకి చూశాం. కొత్త టోకెన్ పుట్టించింది, కానీ 'ఈ బ్లాకు అయిపోయింది' అని ఫైలులో రాసుకునేలోపే మిషన్ ఆగిపోయింది. మళ్లీ లేవగానే అదే ఈవెంటును తీసుకుని అదే పని మళ్లీ అడిగింది. కొత్త వైపు కాంట్రాక్టు కాదంది. ఎందుకంటే ప్రతి తాళానికీ ఒక వరుస నంబరు ఉంది. పాత చెయిన్ ఐడీ, తాళం కాంట్రాక్టు చిరునామా, ఆ నంబరు కలిపి హ్యాష్ (వేలిముద్ర లాంటి సంఖ్య) చేసి, పుట్టించే ముందే 'అయిపోయింది' అని గుర్తు పెట్టుకుంటుంది. పదిసార్లు అడిగినా ఇచ్చేది ఒక్కసారే.

గురువారం: చిరునామా ఒకటే, మనిషి ఒకరేనా?

తాళం వేసిన చిరునామాకే కొత్త వైపు కూడా ఇచ్చేద్దాం అనేది తేలిక దారి. మామూలు వాలెట్‌కు అది సరిపోతుంది, ఒకే తాళంచెవి రెండు చెయిన్లలోనూ పని చేస్తుంది కాబట్టి. మల్టీసిగ్ (ఒకరి కంటే ఎక్కువ మంది సంతకాలు కావాల్సినది) లాంటి కాంట్రాక్టు వాలెట్‌కు సరిపోదు. ఆ చిరునామాలో పాత వైపు కాంట్రాక్టు ఉంటుంది, కొత్త వైపు ఇంకా ఏమీ ఉండదు. 2022లో ఆప్టిమిజం అనే నెట్‌వర్క్ వాళ్లు వింటర్‌మ్యూట్ అనే సంస్థకు 2 కోట్ల ఓపీ టోకెన్లు పంపింది ఇలాంటి చిరునామాకే. ఆ మల్టీసిగ్ ఇథీరియంలో ఉంది, ఆప్టిమిజంలో లేదు. సంస్థ తేరుకునేలోపు ఇంకొకరు ఆ చిరునామాలో తమ కాంట్రాక్టు లేపి టోకెన్లు చేజిక్కించుకున్నారు.

మా తాళం ఫంక్షన్ గమ్యం చిరునామాను విడిగా అడుగుతుంది. పంపేది కాంట్రాక్టు అయితే, అదే చిరునామాను గమ్యంగా ఇస్తే ఒప్పుకోదు.

ఆదివారం: చిన్నాయన వచ్చాడు

ఈపాటికి పాత టోకెన్‌ను సెపోలియాకు, కొత్తదాన్ని పాలిగాన్ ఆమోయ్‌కు ఎక్కించాం. రెండూ టెస్ట్‌నెట్‌లే (పరీక్ష నెట్‌వర్క్‌లే), వాటి కాయిన్లకు విలువ లేదు. చెయిన్ ఐడీలు 11155111, 80002.

చిన్నాయన రైస్‌మిల్లులో లెక్కలు రాస్తాడు. ఫోన్ ఆయన చేతికిచ్చి, మేం పక్కన కూర్చుని, నోరు విప్పకుండా చూశాం. ముందు అప్రూవ్ (కాంట్రాక్టు టోకెన్ తీసుకోవడానికి అనుమతి) నొక్కాలి, తర్వాత లాక్. రెండూ రెండు లావాదేవీలు, రెండుసార్లు ఫీజు. "గిది పాత పాసుబుక్కు ఇచ్చి కొత్త పాసుబుక్కు తీసుకున్నట్టేనా?" అన్నాడు. చాలావరకు అంతే చిన్నాయనా, కాకపోతే ఇక్కడ దరఖాస్తు పెట్టుకుని అడగడానికి ఆఫీసు లేదు, చెయిన్‌లో రాసిందే రికార్డు అన్నాను. ఆయన తలూపి ఇంకో ప్రశ్న వేశాడు: "మరి ఆడ లాక్ అయినవాటి తాళంచెవి ఎవరి చేతిల ఉన్నది?" పిల్లలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పటికి రిలేయర్ తాళంచెవి ఒకే డెస్క్‌టాప్‌లో ఉంది.

ఇరవై నిమిషాలకు కొత్తవి చేరాయి. వాలెట్‌లో మాత్రం ఏమీ లేదు. "పోయినట్టేనా బిడ్డా?" అన్నాడు. పోలేదు. వాలెట్ ఇంకా సెపోలియానే చూపిస్తోంది. ఆమోయ్ నెట్‌వర్క్‌ను జతచేసి, కొత్త టోకెన్ చిరునామాను ఇంపోర్ట్ చేశాకే అంకె కనిపించింది.

మొత్తం స్వాప్‌లో అన్నిటికంటే ప్రమాదం ఈ క్షణంలోనే ఉందని నాకనిపించింది. ఇచ్చింది పోయింది, రావాల్సింది కనబడదు. కంగారులో మనిషి ఎవరినైనా సహాయం అడుగుతాడు. సపోర్ట్ టీమ్ అని చెప్పుకుంటూ మీ వాలెట్‌ను తెరిచే రహస్యమైన 12 పదాలు పంపండి, మీ స్వాప్ పూర్తి చేస్తాం అనేవాళ్లు సరిగ్గా అప్పుడే వస్తారు. నిజమైన స్వాప్ ఏదీ ఆ 12 పదాలు అడగదు, అడగాల్సిన అవసరమే రాదు. ఆ వాక్యాన్ని మా పేజీలో లాక్ బటన్ పైనే తెలుగులో పెట్టాం. దాని కిందే మీ లావాదేవీ ఫైనల్ అయిందా, అటు పుట్టిందా అని మెట్టుమెట్టుగా చూపిస్తున్నాం.

ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది. ఆయన దగ్గర కొత్త టోకెన్లున్నాయి, కానీ ఆమోయ్‌లో ఫీజు కట్టడానికి పీఓఎల్ లేదు. కదపలేని టోకెన్ ఇస్తే ఇచ్చినట్టు కాదు. కొత్త చిరునామాకు మొదటిసారి టోకెన్లు పంపేటప్పుడు రెండు మూడు లావాదేవీలకు సరిపడా పీఓఎల్ కూడా రిలేయర్ పంపేలా మార్చాం. నిజం నెట్‌వర్క్‌లో దీన్ని ఆశించి జనం వెయ్యి ఖాతాలు తెరుస్తారు కాబట్టి, కనీసం ఇన్ని టోకెన్లకు తాళం వేస్తేనే అనే హద్దు ఉంచాం.

బుధవారం: చిన్నాయన ప్రశ్నకు జవాబు

రిలేయర్ తాళంచెవి దొరికితే ఎవరైనా ఎన్ని కొత్త టోకెన్లైనా పుట్టించుకోవచ్చు. 2022 మార్చిలో రోనిన్ బ్రిడ్జ్‌లో (రెండు నెట్‌వర్క్‌ల మధ్య టోకెన్లు తరలించేది) 9 మంది వాలిడేటర్లలో, అంటే సరిచూసి సంతకం పెట్టేవాళ్లలో, 5 సంతకాలు కావాలనే నియమం ఉండేది. దొంగలు ఆ 5 సంపాదించారు, 60 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. అందులో 4 తాళంచెవులు ఒకే సంస్థ దగ్గరున్నాయి. సంతకాల లెక్క ఎంత పెద్దదైనా, తాళంచెవులన్నీ ఒకే చోట ఉంటే ప్రయోజనం లేదు.

మేం మూడింట రెండు సంతకాలు పెట్టుకున్నాం. మూడు తాళంచెవులు మూడు ఇళ్లలో. ప్రతి ఒక్కరి ప్రోగ్రామూ పాత చెయిన్‌ను సొంతంగా చదివి సంతకం చేయాలి, పక్కవాళ్లు చెప్పింది నమ్మి చేయకూడదు.

అదే ఏడాది ఆగస్టులో నోమాడ్ అనే ఇంకో బ్రిడ్జ్‌లో జరిగింది ఇంకో రకం. ఒక అప్‌డేట్‌లో సున్నా విలువను నమ్మదగిన రూట్‌గా (రుజువులను సరిపోల్చి చూసే విలువగా) నమోదు చేశారు. కాంట్రాక్టులు రాసే భాష సాలిడిటీలో ఎప్పుడూ రాయని గడిని చదివితే వచ్చేది సున్నానే. దాంతో రుజువు లేని సందేశమంతా రుజువైనట్టే లెక్కకొచ్చింది. దాదాపు 19 కోట్ల డాలర్లు. తాళంచెవి దొంగిలించాల్సిన పని కూడా లేదు. ఒకరి లావాదేవీని కాపీ చేసి చిరునామా మార్చుకుంటే చాలు. మా కాంట్రాక్టులో సున్నా హ్యాష్‌నూ, సున్నా చిరునామా సంతకాన్నీ తిప్పికొట్టే పరీక్షలు ఆ అమ్మాయి అన్నిటికంటే ముందు వరుసలో పెట్టింది.

శుక్రవారం: గడువు

గడువు పెట్టాలా వద్దా అని చాలాసేపు వాదించుకున్నాం. గడువు లేకపోతే రిలేయర్‌ను ఎన్నేళ్లు నడపాలి అని మావాడి వాదన. అందులో న్యాయం ఉంది, నడిపేదానికి ఖర్చుంటుంది. కానీ గడువు దాటాక మిగిలినవి ప్రాజెక్టు ఖాతాకు పోయేలా రాసుకుంటే, జనం ఆలస్యమైనకొద్దీ ప్రాజెక్టుకు లాభం. అలాంటి ప్రాజెక్టు కబురు చేరవేయడానికి ఎందుకు కష్టపడుతుంది? ఆ లాభాన్నే తీసేయాలి అన్నాను. కొత్త టోకెన్ ముందే పుట్టదు, తాళం పడితేనే పుడుతుంది. రానివాళ్ల వాటా ఎవరి ఖాతాలోనూ చేరదు. ఖర్చు సంగతికి ఇలా కుదిరింది: ఒక సమయం తర్వాత రిలేయర్ రోజంతా నడవదు, వారానికోసారి లేస్తుంది. ఆలస్యంగా వచ్చినవాళ్లు వారం ఆగాలి, అంతే.

సోమవారం: లెక్క పేజీ

వెనక్కి వచ్చే దారి కూడా పని చేస్తోంది. అటు కొత్తవి కాలాకే ఇటు పాతవి విడుదల. ఈ వరుస వల్ల ఏ క్షణంలో చూసినా కొత్త టోకెన్ మొత్తం సరఫరా, పాత వైపు తాళంలో ఉన్నదానికి వెయ్యి కోట్ల రెట్లు కంటే ఎక్కువ కాకూడదు. ఫౌండ్రీ ఇన్వేరియంట్ టెస్టులో (ఏం చేసినా తప్పకూడని సూత్రాన్ని పరీక్షించేదానిలో) తాళాలు, విడుదలలు, మళ్లీ అడగడాలు అడ్డదిడ్డంగా కలిపి రాత్రంతా తిప్పాం, ఆ సూత్రం తప్పలేదు. పేజీలో ఆ రెండు అంకెలనూ నేరుగా రెండు చెయిన్ల నుంచే చదివి చూపిస్తున్నాం, మా సర్వర్ మధ్యలో లేదు. పక్కనే కాంట్రాక్టు చిరునామాలున్నాయి, కావాలంటే ఎక్స్‌ప్లోరర్‌లో (చెయిన్ రికార్డు చూపే వెబ్‌సైట్‌లో) ఎవరైనా చూసుకోవచ్చు.

మిగిలిన పని: మూడో తాళంచెవి ప్రస్తుతం నా దగ్గరుంది, అది మా ముగ్గురిలో ఎవరికీ చుట్టం కాని మనిషి దగ్గరికి వెళ్లాలి. వాళ్ల గైడ్ గారు గురువారం చూస్తానన్నారు. ఆయన ముందు రీఆర్గ్ పరీక్ష నడిపి, తర్వాత ఆ తాళంచెవి ఉంచుకుంటారా అని అడగబోతున్నాం.